మద్యపాన విముక్తి – పరస్పర సహాయ సమావేశాలు

నిర్వచనం, పరిధి

తాగుడును అదుపులో పెట్టుకోలేని స్థితికి చేరినవారు దాన్ని మానడానికి, మానిన తర్వాత మళ్లీ అందులో పడకుండా ఉండడానికి తమవంటి వారితో క్రమం తప్పకుండా కలుసుకునే కూడికలను పరస్పర సహాయ సమావేశాలు అంటారు. వాడుకలో వీటికి 'మీటింగ్' అనే మాటే స్థిరపడింది. వీటిని నడిపేవారు వైద్యులో కౌన్సెలర్లో కాదు; తాగుడు మానినవారు, మానే ప్రయత్నంలో ఉన్నవారే. రుసుము ఉండదు, కేస్ షీటు ఉండదు, ఇన్ని వారాల్లో ముగియాలన్న గడువూ ఉండదు. ఆస్పత్రిలో మానసిక వైద్యుడు చేసే చికిత్సకూ, డీ-అడిక్షన్ కేంద్రంలో కౌన్సెలర్ నడిపే గ్రూప్ థెరపీకీ, వీటికీ ఉన్న తేడా ఇదే. అమెరికన్ మనోవైద్య సంఘం 2013లో వెలువరించిన నిర్ధారణ గ్రంథం (డి.ఎస్.ఎం.-5) మద్యపాన రుగ్మతకు 11 లక్షణాలు చెబుతుంది. 12 నెలల కాలంలో వాటిలో కనీసం రెండు కనిపిస్తే రుగ్మత ఉన్నట్టు, ఆరు లేదా అంతకు మించితే అది తీవ్రమైనట్టు లెక్క. సమావేశానికి రావడానికి మాత్రం ఇటువంటి నిర్ధారణ ఏదీ అక్కర్లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు.

ఈ సమావేశాల చరిత్రను, వాటిపై జరిగిన పరిశోధనలను కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. వీటివల్ల కలిగే మేలులో ఎక్కువ పాలు అక్కడ చదివే పాఠానిది కాదు, అక్కడ ఏర్పడే సంబంధాలది. అందువల్ల సమావేశం ఎక్కడ జరుగుతుందో చెప్పి ఊరుకుంటే సగం పనే అయినట్టు. కొత్త వ్యక్తిని లోపలున్న ఒక మనిషికి కలిపి, కొన్నాళ్లు అక్కడ నిలబడేలా చూడడం మిగతా సగం. ఈ వ్యాసంలోని చారిత్రక, వైద్య, సామాజిక విషయాలన్నిటినీ ఈ కోణం నుంచే పరిశీలించాం.

చరిత్ర

*పూర్వరంగం.* తాగుబోతులే ఒకరికొకరు తోడై మానుకునే ప్రయత్నం 20వ శతాబ్దానికి ముందే కనిపిస్తుంది. 1840లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఆరుగురు తాగుబోతులు ప్రతిజ్ఞ చేసి వాషింగ్టోనియన్ సంఘాన్ని స్థాపించారు. సభ్యులు సభల్లో నిలబడి తమ అనుభవాలు చెప్పుకోవడం దీని పద్ధతి. కొద్ది కాలంలోనే ఇది దేశమంతటా పాకింది. 1842లో అబ్రహాం లింకన్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఈ సంఘం సభలో ప్రసంగించాడు. అయితే తాగనివారు, మద్యనిషేధ రాజకీయాలు చేసేవారు పెద్ద సంఖ్యలో చేరడంతో సంఘం తన అసలు పనికి దూరమై, దశాబ్దం తిరగకముందే చాలావరకు చెదిరిపోయింది. ఐరోపాలో 1877లో లూయీ-లూసియెన్ రోషా అనే పాస్టరు జెనీవాలో బ్లూ క్రాస్ సంస్థను ప్రారంభించాడు. మతం ఆధారంగా నడిచిన ఈ సంస్థ ఇతర దేశాలకూ విస్తరించింది.

*ఆల్కహాలిక్స్ అనానిమస్.* నేటి సమావేశాలకు నమూనా అయిన ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏ.ఏ.) 1935లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ఏక్రన్ నగరంలో పుట్టింది. న్యూయార్క్ స్టాక్ మార్కెట్‌లో పనిచేసిన బిల్ విల్సన్ 1934 చివర్లో మద్యం మానాడు. ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ సంస్థ, డాక్టర్ విలియం సిల్క్‌వర్త్ చికిత్స అందుకు తోడ్పడ్డాయి. 1935 మే నెలలో వ్యాపారం పనిమీద ఏక్రన్ వెళ్లి, అది బెడిసికొట్టి మళ్లీ తాగాలనిపించినప్పుడు, అతడు హోటల్ నుంచి స్థానిక మతబోధకులకు ఫోన్లు చేసి తనవంటి మరో తాగుబోతును చూపించమని అడిగాడు. ఆ ఫోన్ల వరసలో హెన్రియెట్టా సైబర్లింగ్ అనే మహిళ దొరికింది. ఆమె శస్త్రవైద్యుడు బాబ్ స్మిత్‌ను అతడికి కలిపింది. డాక్టర్ బాబ్ చివరిసారి తాగిన రోజుగా చెప్పే 1935 జూన్ 10ని ఏ.ఏ. తన స్థాపన దినంగా పాటిస్తుంది. అప్పటికి ఏ.ఏ. సాధనా క్రమమైన 12 మెట్లూ లేవు, సిద్ధాంత గ్రంథమూ లేదు. ఇద్దరు బాధితులు, వారిని కలిపిన మూడో మనిషి మాత్రమే ఉన్నారు.

12 మెట్లను ప్రకటించిన మూలగ్రంథం 1939లో వెలువడింది. 1941 మార్చిలో సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్ పత్రికలో జాక్ అలెగ్జాండర్ రాసిన వ్యాసం వచ్చాక, సుమారు 2,000 ఉన్న సభ్యుల సంఖ్య ఆ ఏడాది చివరికి 8,000 వరకు పెరిగింది. వాషింగ్టోనియన్ల పతనం పునరావృతం కాకుండా 12 సంప్రదాయాల పేరుతో నియమాలు 1946లో ప్రచురించి, 1950లో క్లీవ్‌లాండ్ మహాసభలో ఆమోదించారు. బయటి విరాళాలు తీసుకోకపోవడం, రాజకీయ వివాదాల్లో పక్షం వహించకపోవడం, పత్రికల ముందు అజ్ఞాతంగా ఉండడం, ప్రతి గ్రూపుకూ స్వయంనిర్ణయాధికారం ఉండడం వీటిలో ముఖ్యమైనవి. తాగేవారి కుటుంబ సభ్యుల కోసం 1951లో అల్-అనాన్, వారి యుక్తవయసు పిల్లల కోసం 1957లో అలటీన్ ఏర్పడ్డాయి. ఏ.ఏ. అంచనా ప్రకారం ఇప్పుడు సుమారు 180 దేశాల్లో 1,20,000కు పైగా గ్రూపులు, దాదాపు 20 లక్షల మంది సభ్యులు ఉన్నారు.

*భారతదేశంలో.* ఏ.ఏ. 1957లో ఢిల్లీలో మొదలై, బొంబాయి తదితర నగరాలకు విస్తరించింది. దేశవ్యాప్త సేవా కార్యాలయం ముంబైలో ఉంది. మద్య వ్యసనానికి ప్రత్యేక వైద్యం ఇక్కడ స్థిరపడడం తరువాతి మాట. శాంతి రంగనాథన్ 1980లో చెన్నైలో స్థాపించిన టి.టి. రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ ఈ రంగంలో తొలితరం సంస్థల్లో ఒకటి (చూ. వ్యసన చికిత్స).

రకాలు

*సిద్ధాంతాన్ని బట్టి.* ఏ.ఏ. కార్యక్రమానికి 12 మెట్లు ఆధారం. తాగుడు ముందు తన శక్తి చాలదని ఒప్పుకోవడం, తనకన్నా పెద్దదైన ఒక శక్తిని ఆశ్రయించడం, చేసిన తప్పులను లెక్క చూసుకుని వీలైనచోట సరిదిద్దుకోవడం, ఇతర బాధితులకు తోడ్పడడం వీటి సారం. ఈ ఆధ్యాత్మిక చట్రం సరిపడనివారి కోసం వేరే సంఘాలు వచ్చాయి. జీన్ కర్క్‌పాట్రిక్ 1975 ప్రాంతంలో మహిళల కోసం ప్రారంభించిన విమెన్ ఫర్ సొబ్రైటీ ఆత్మగౌరవాన్ని పెంచుకోవడానికి ప్రాధాన్యమిస్తుంది. 1994లో వచ్చిన స్మార్ట్ రికవరీ ఆలోచనలను, అలవాట్లను మార్చుకునే మనశ్శాస్త్ర పద్ధతులపై నడుస్తుంది. దీనిలో శిక్షణ పొందిన నిర్వాహకుడు ఉంటాడు. లైఫ్‌రింగ్ పూర్తిగా లౌకిక సంఘం. జపాన్‌లో 1963లో జాతీయ సమాఖ్యగా ఏర్పడిన దన్షుకాయ్‌లో అజ్ఞాత నియమం లేదు. భార్యాభర్తలు కలిసి వస్తారు. వ్లాదిమిర్ హుదోలిన్ 1964లో జాగ్రెబ్‌లో మొదలుపెట్టిన క్లబ్బుల్లో కుటుంబాన్నే ఒక సభ్యుడిగా చూస్తారు. కుటుంబం ద్వారానే వైద్యానికి వచ్చే సమాజాలకు ఈ చివరి రెండు నమూనాలు ప్రత్యేకంగా పరిశీలించదగినవి.

*ప్రవేశాన్ని బట్టి.* 'ఓపెన్' సమావేశానికి కుటుంబ సభ్యులు, విద్యార్థులు, వైద్యులు ఎవరైనా వచ్చి వినవచ్చు. 'క్లోజ్డ్' సమావేశం తాగుడు సమస్య ఉన్నవారికి, లేదా ఉందేమోనని అనుమానించుకునేవారికి మాత్రమే. ఒకరిద్దరు తమ కథ చెప్పేవి, ఒక అంశంపై అందరూ మాట్లాడేవి, ఒక్కో మెట్టును చదివి చర్చించేవి ఈ రెండు తరగతుల్లోనూ ఉంటాయి. మహిళలకు, యువతకు ప్రత్యేక సమావేశాలు పెద్ద నగరాల్లో కనిపిస్తాయి. 2020లో కోవిడ్ లాక్‌డౌన్లతో వీడియో సమావేశాలు ఒక్కసారిగా పెరిగాయి. తర్వాత గదులు తెరుచుకున్నా అవి కొనసాగుతున్నాయి.

సమావేశం జరిగే తీరు

ఏ.ఏ. సమావేశం మామూలుగా గంట నుంచి గంటన్నర సాగుతుంది. మన దేశంలో చర్చి ఆవరణలు, పాఠశాల గదులు, ఆస్పత్రి హాళ్లు ఇందుకు వేదికలవుతుంటాయి. గదిని అద్దెకిచ్చిన లేదా వాడుకోనిచ్చిన సంస్థకు గ్రూపుతో అంతకుమించి సంబంధం ఉండదు. చర్చిలో జరుగుతుంది కాబట్టి అది చర్చి కార్యక్రమమే అనుకోవడం సరికాదు. సభ్యుల్లో ఒకరు అధ్యక్షత వహించి, పరిచయ వాక్యాలు చదివి, మాట్లాడదలచినవారికి వరసగా అవకాశం ఇస్తారు. పేరు ఒక్కటే చెబుతారు. ఇంటిపేరు, ఉద్యోగం, ఊరు చెప్పనక్కర్లేదు. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో అడ్డురావడం, నేరుగా సలహాలివ్వడం, వాదించడం ఉండవు. మాట్లాడడం ఇష్టం లేకపోతే 'ఈరోజు వింటాను' అంటే సరిపోతుంది. ఖర్చుల కోసం చందా పళ్లెం తిప్పుతారు. కొత్తవారు వేయకపోయినా ఎవరూ అడగరు. చాలా గ్రూపుల్లో సభ ప్రార్థనతో ముగుస్తుంది. మానిన కాలాన్ని గుర్తించే నాణేలు, బిళ్లలు ఇచ్చే ఆనవాయితీ కొన్నిచోట్ల ఉంది.

పైకి కనిపించే ఈ క్రమం కన్నా ముఖ్యమైన భాగం సమావేశానికి ముందూ వెనకా జరుగుతుంది. టీ తాగే ఆ పదిహేను నిమిషాల్లోనే ఫోన్ నంబర్లు చేతులు మారతాయి. కొంతకాలంగా మానిన ఒక సభ్యుడిని కొత్త వ్యక్తి 'స్పాన్సర్'గా ఎంచుకుంటాడు. స్పాన్సర్ వైద్యుడు కాదు, జీతం తీసుకోడు. తాగాలనిపించిన వేళ ఫోన్ ఎత్తడం, మెట్ల సాధనలో వెంట ఉండడం అతడి పని. పురుషులకు పురుషులు, స్త్రీలకు స్త్రీలు స్పాన్సర్లుగా ఉండడం మంచిదన్నది సాధారణ సలహా. కుర్చీలు వేయడం, టీ కాయడం, తలుపు దగ్గర కొత్తవారిని పలకరించడం వంటి చిన్న పనులను 'సర్వీస్' అంటారు. గ్రూపును నడపడంతోపాటు, వచ్చిన వ్యక్తి మళ్లీ వారం కూడా రావడానికి ఈ పనులు ఒక కారణాన్ని కల్పిస్తాయి.

సమావేశాన్ని వెతకడం, మొదటిసారి వెళ్లడం

*వైద్య జాగ్రత్త.* ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవారు ఉన్నట్టుండి మానితే ప్రాణాపాయం రావచ్చు. చేతులు వణకడం, చెమటలు, నిద్రలేమి, ఆందోళన వంటి విత్‌డ్రాయల్ లక్షణాలు కొద్ది గంటల్లోనే మొదలవుతాయి. ఫిట్స్ సాధారణంగా తొలి రెండు రోజుల్లో వస్తాయి. లేనివి కనిపించడం, తెలివి తప్పినట్టు మాట్లాడడం, జ్వరంతో కూడిన డెలీరియం ట్రెమెన్స్ రెండు నుంచి నాలుగు రోజుల మధ్య తలెత్తవచ్చు. ఇంతకుముందు ఫిట్స్ వచ్చినవారు, ఉదయం లేవగానే తాగకపోతే వణుకు పుట్టేవారు ముందుగా వైద్యుడిని కలవాలి. ఈ దశను సమావేశం దాటించలేదు. దాటిన తర్వాత దాని పని మొదలవుతుంది.

*ఎక్కడ వెతకాలి.* ఏ.ఏ. ఇండియా వెబ్‌సైట్‌లో, స్థానిక గ్రూపుల హెల్ప్‌లైన్లలో వేళలు, చిరునామాలు దొరుకుతాయి. ప్రభుత్వ మానసిక వైద్యశాలలు, డీ-అడిక్షన్ కేంద్రాలు, వైద్య కళాశాలల మానసిక వైద్య విభాగాలు కూడా దగ్గరలోని గ్రూపుల సమాచారం అడగదగిన చోట్లు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే 14446 వ్యసన విముక్తి హెల్ప్‌లైన్, 2022లో ప్రారంభమైన 14416 టెలి-మానస్ ద్వారా సలహా పొందవచ్చు. బయల్దేరే ముందు ఫోన్ చేసి మూడు విషయాలు తెలుసుకోవాలి: సమావేశం ఇప్పటికీ జరుగుతోందా, ఓపెనా క్లోజ్డా, ఏ భాషలో మాట్లాడతారు. నగరాల్లో కొన్ని గ్రూపులు ఇంగ్లిషులోనో హిందీలోనో నడవవచ్చు కాబట్టి మూడో ప్రశ్న తెలుగువారికి చిన్నది కాదు. తన సిగ్గును, భయాన్ని చెప్పుకోవడానికి వచ్చిన మనిషికి సరిగా రాని భాష అడ్డంకి అవుతుంది. విదేశాల్లోని తెలుగువారికీ ఇదే చిక్కు ఉంటుంది. ఆన్‌లైన్ సమావేశాలవల్ల దూరం అడ్డు తొలగింది గనుక, సొంత ఊరి గ్రూపుతో సంబంధం నిలుపుకోవడం ఇప్పుడు సాధ్యమే.

*తోడు ప్రాధాన్యం.* సమాచారం ఇవ్వడానికీ, మనిషిని కలపడానికీ ఉన్న తేడాను సిస్సన్, మాలమ్స్ 1981లో ప్రచురించిన ఒక చిన్న ప్రయోగం సూటిగా చూపింది. చికిత్సలో ఉన్న 20 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఏ.ఏ. గురించి చెప్పి, వేళలు, స్థలం ఇచ్చి వెళ్లమన్నారు. రెండో జట్టులోని ప్రతి ఒక్కరితో కౌన్సెలర్ అక్కడికక్కడే ఒక ఏ.ఏ. సభ్యుడికి ఫోన్ చేయించి, ఆ సభ్యుడు వెంట తీసుకెళ్లే ఏర్పాటు చేశాడు. మొదటి జట్టులో ఒక్కరూ వెళ్లలేదు. రెండో జట్టులో పది మందీ వెళ్లారు. సంఖ్య చిన్నదే కాబట్టి ఈ ఒక్క ఫలితంతో నిర్ణయానికి రాకూడదు. అయితే క్రిస్టీన్ టిమ్కో బృందం అమెరికా మాజీ సైనికుల వైద్యశాలలో 345 మందిపై జరిపి 2006లో ఫలితాలు ప్రకటించిన యాదృచ్ఛిక అధ్యయనం కూడా అదే దిశను చూపింది. సభ్యులతో ముఖాముఖి కలిపి, వెళ్లారో లేదో తర్వాత అడిగి తెలుసుకునే 'గట్టి సిఫారసు' పొందినవారు గ్రూపు కార్యక్రమాల్లో మరింతగా పాలుపంచుకున్నారు, వారి వ్యసన ఫలితాలూ మెరుగ్గా ఉన్నాయి. 1935లో హెన్రియెట్టా సైబర్లింగ్ చేసినది ఇటువంటి సిఫారసే.

*మొదటి కొన్ని వారాలు.* పది నిమిషాలు ముందుగా వెళ్లి, కొత్తగా వచ్చానని ఒక్కరికి చెబితే చాలావరకు పని సులువవుతుంది. ఒక గ్రూపు నచ్చకపోవడం మామూలే. సభ్యుల వయసు, భాష, ధోరణి గ్రూపుకూ గ్రూపుకూ మారతాయి కాబట్టి, వీలున్న చోట నాలుగైదు సమావేశాలు చూశాకే తీర్పు చెప్పుకోవడం మంచిది. తొలి 90 రోజుల్లో 90 సమావేశాలకు వెళ్లమనే సలహా ఏ.ఏ.లో ప్రచారంలో ఉంది. అది నియమం కాదు, గ్రూపులు తక్కువున్న పట్టణాల్లో సాధ్యమూ కాదు. ఆన్‌లైన్ సమావేశాలతో, సభ్యులకు రోజూ చేసే ఫోన్లతో ఆ లోటు కొంత పూడుతుంది. మధ్యలో మళ్లీ తాగితే సభ్యత్వం పోదు. తిరిగి వచ్చినవారిని చేర్చుకోవడం ఈ సంఘాల ప్రాథమిక పద్ధతి.

పనిచేసే విధానం, ఆధారాలు

అమెరికాలో 1,726 మందిపై జరిగి 1997లో ఫలితాలు వెలువడిన ప్రాజెక్ట్ మ్యాచ్ మూడు చికిత్సలను పోల్చింది. 12 మెట్ల సంఘాల వైపు రోగిని నడిపించే చికిత్స, ఆలోచనా-ప్రవర్తనా చికిత్స, ప్రేరణ చికిత్స మొత్తం మీద దాదాపు సమానంగా పనిచేశాయి. ఒక తేడా మాత్రం నిలిచింది. ఔట్ పేషెంట్లలో ఆ తర్వాతి ఏడాదంతా చుక్క ముట్టనివారు మొదటి చికిత్సలో 24 శాతం ఉండగా, మిగతా రెంటిలో 15, 14 శాతం ఉన్నారు. వైద్య పరిశోధనలను క్రోడీకరించే కోక్రేన్ సంస్థ 2006 సమీక్ష ఏ.ఏ. ఫలితాలను నిస్సందేహంగా నిరూపించే ప్రయోగాలు లేవని తేల్చింది. 2020లో కెల్లీ, హంఫ్రీస్, ఫెర్రీ 27 అధ్యయనాలను, 10,565 మంది సమాచారాన్ని సమీక్షించి వేరే నిర్ణయానికి వచ్చారు. నిర్ణీత పద్ధతిలో ఏ.ఏ.కు అనుసంధానించే చికిత్సల తర్వాత ఏడాది చివరికి పూర్తిగా మానినవారు 42 శాతం, ఇతర చికిత్సలతో 35 శాతం అని వారి అంచనా. వైద్య వ్యయమూ తగ్గినట్టు తేలింది. ఈ అంకెలు రెండు సంగతులు చెబుతున్నాయి: మేలు నిజమైనదే, కానీ అది అద్భుతం కాదు, సగానికి పైగా మంది ఏ పద్ధతిలోనైనా ఏడాది పూర్తిగా మానలేకపోతున్నారు. ఇంకొక సంగతి తరచు గమనింపుకు రాదు. ఈ సమీక్షలో ప్రధానంగా పరీక్షకు నిలిచినది ఒంటరిగా ఏ.ఏ. కాదు, రోగిని ఏ.ఏ.కు చేర్చే చికిత్సాపద్ధతి.

మేలు ఎక్కడి నుంచి వస్తోందన్న ప్రశ్నకు ప్రాజెక్ట్ మ్యాచ్ సమాచారమే కొంత జవాబిచ్చింది. స్నేహితుల్లో తాగేవారు ఎక్కువగా ఉన్నవారికి ఏ.ఏ. వైపు నడిపించే చికిత్స మూడేళ్ల తర్వాత ప్రత్యేకంగా ఉపయోగపడిందని లాంగబా బృందం 1998లో చూపింది. మార్క్ లిట్ బృందం 2007లో ప్రకటించిన అధ్యయనంలో, స్నేహవలయంలో తాగని వ్యక్తి ఒక్కరు చేరితే మరుసటి ఏడాది మద్యానికి దూరంగా ఉండే అవకాశం 27 శాతం పెరిగింది. జాన్ కెల్లీ బృందం విశ్లేషణలోనూ స్నేహవలయం మారడం, తాగే సందర్భాల్లో కాదనగలనన్న నమ్మకం పెరగడం ప్రధాన మార్గాలుగా తేలాయి. ఆధ్యాత్మికత పాత్ర వ్యసనం తీవ్రంగా ఉన్నవారిలో ఎక్కువగా కనిపించింది. సంబంధాలే ముఖ్యమైతే సిద్ధాంతం వేరైన సంఘాలూ పనిచేయాలి. 2018లో జెమోర్ బృందం విమెన్ ఫర్ సొబ్రైటీ, లైఫ్‌రింగ్, స్మార్ట్ రికవరీలను 12 మెట్ల సంఘాలతో పోల్చినప్పుడు, పూర్తిగా మానాలన్న లక్ష్యం ఒకే స్థాయిలో ఉన్నవారిలో, సంఘంలో ఎంతగా మమేకమయ్యారన్నదాన్ని బట్టే ఫలితాలు కనిపించాయి. సంఘాన్ని బట్టి చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

అభ్యంతరాలు, పరిమితులు

*స్వయం ఎంపిక.* మానాలని గట్టిగా అనుకున్నవారే సమావేశాలకు వస్తారు, వారు ఎటూ మానేవారే కదా అన్నది ప్రధానమైన అభ్యంతరం. కేవలం హాజరైనవారిని, హాజరు కానివారిని పోల్చిన పాత అధ్యయనాలకు ఇది నిజంగానే వర్తిస్తుంది. యాదృచ్ఛికంగా జట్లు చేసిన ప్రయోగాల సమాచారంతో హంఫ్రీస్, బ్లాడ్జెట్, వాగ్నర్ 2014లో ఈ ప్రభావాన్ని విడదీసి చూశారు. ప్రయోగంవల్ల పెరిగిన హాజరు మాత్రమే లెక్కలోకి తీసుకున్నా మేలు నిలిచింది. అయితే అప్పటికే ఏ.ఏ.తో గాఢమైన సంబంధం ఉన్నవారికి అదనపు లాభం కనిపించలేదు.

*మతం, నిర్బంధం.* 12 మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది. ఎవరికి వారు తమ అర్థం చెప్పుకోవచ్చని ఏ.ఏ. అంటుంది. అయినా అమెరికాలో 1996 నుంచి పలు ఉన్నత న్యాయస్థానాలు ఖైదీలను, ప్రొబేషన్‌లో ఉన్నవారిని ఏ.ఏ.కు మాత్రమే వెళ్లమని ప్రభుత్వం నిర్బంధించడం మతస్వేచ్ఛకు విరుద్ధమని తీర్పులిచ్చాయి. నాస్తికులకు ఇది నిజమైన ఇబ్బంది. లౌకిక సంఘాలు ఉన్నచోట వాటిని కూడా చూపించడం సరైన మార్గం. నిర్బంధంతో చేకూరే మేలుకూ హద్దుంది. 1991లో వాల్ష్ బృందం ఉద్యోగం పోయే స్థితిలో ఉన్న 227 మంది కార్మికులపై జరిపిన అధ్యయనంలో, ఆస్పత్రి చికిత్స లేకుండా తప్పనిసరిగా ఏ.ఏ.కు మాత్రమే పంపినవారి ఫలితాలు ఆస్పత్రిలో చేర్చినవారి కన్నా వెనకబడ్డాయి. పంపించడం వేరు, చేర్పించి తోడుండడం వేరు అన్న వాదనకు ఇది బలమే గాని విరుద్ధం కాదు.

*భద్రత, గోప్యత.* ఎవరైనా రావచ్చు కాబట్టి మానడం కోసం కాక వేరే ఉద్దేశంతో వచ్చేవారూ ఉంటారు. కొత్తగా వచ్చినవారి, ముఖ్యంగా స్త్రీల, బలహీన స్థితిని వాడుకునే ఘటనలు ఈ సంఘాలు స్వయంగా గుర్తించిన సమస్య. మహిళా సమావేశాన్ని ఎంచుకోవడం, తొలినాళ్లలో చిరునామా, డబ్బు విషయాలు చెప్పకపోవడం, ఒంటరిగా కలవమన్న ఆహ్వానాలను తిరస్కరించడం అవసరమైన జాగ్రత్తలు. అజ్ఞాతం సభ్యుల పరస్పర మాట మీద నిలిచేదే. వైద్యుడికి ఉన్న చట్టబద్ధ గోప్యతా బాధ్యత తోటి సభ్యుడికి ఉండదు. అందరికీ అందరూ తెలిసిన చిన్న ఊళ్లలో ఈ హామీ మరీ పలచబడుతుంది. అటువంటి చోట పక్క పట్టణంలోని గ్రూపు గానీ, కెమెరా ఆపుకునే వీలున్న ఆన్‌లైన్ సమావేశం గానీ ఆచరణీయం.

*మందులపై వైఖరి.* డైసల్ఫిరామ్, నాల్‌ట్రెక్సోన్, అకాంప్రొసేట్ మద్య వ్యసనానికి వాడుకలో ఉన్న మందులు. వీటిని గానీ మానసిక వ్యాధుల మందులను గానీ వాడేవారు నిజంగా మానినట్టు కాదని కొందరు సభ్యులు అంటుంటారు. ఏ.ఏ. అధికారిక ప్రచురణలు మాత్రం సభ్యులు వైద్యుల పాత్ర వహించరాదని స్పష్టంగా చెబుతాయి. సభ్యుడి మాట మీద మందు ఆపడం ప్రమాదకరం. సమావేశాలు, మందులు, మానసిక చికిత్స ఒకదానికొకటి పోటీ కావు. రోగి ఆస్పత్రి నుంచి బయటికొచ్చాక సాయంత్రాలు ఎవరితో గడుపుతాడన్నది మందులు చూడలేని భాగం. మెదడులో, కాలేయంలో జరిగిన నష్టం సమావేశం చూడలేని భాగం.

తెలుగు రాష్ట్రాల సందర్భం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019–21) ప్రకారం 15 ఏళ్లు దాటిన పురుషుల్లో మద్యం తాగేవారు దేశంలో సుమారు 19 శాతం కాగా, తెలంగాణలో 43.3, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం. స్త్రీలలో దేశ సగటు ఒకటిన్నర శాతానికి లోపే ఉండగా తెలంగాణలో 6.7 శాతం. తాగే ప్రతివారూ వ్యసనపరులు కారు. అయితే సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ జరిపి 2019లో ప్రకటించిన జాతీయ సర్వే, మద్యంపై ఆధారపడినవారిలో ఏదో ఒక చికిత్స పొందినట్టు చెప్పినవారు 38 మందిలో ఒక్కరేనని తేల్చింది. ఈ అంతరాన్ని వైద్యుల సంఖ్య పెంచి మాత్రమే పూడ్చడం సమీప కాలంలో కుదిరే పని కాదు. తెలంగాణలో మరో చిక్కు ఉంది. డైజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారు అది ఆగినప్పుడు తీవ్రమైన విత్‌డ్రాయల్‌కు గురవుతారు. వీరికి మొదటి మెట్టు ఆస్పత్రే (చూ. కల్లు, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం).

తెలుగునాట తాగుడుపై సాగిన సామూహిక చర్యలో పెద్ద భాగం సరఫరా మీద గురిపెట్టింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలతో ఉధృతమైన సారా వ్యతిరేకోద్యమం 1993 అక్టోబరులో సారా నిషేధానికి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది, 1997లో ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది (చూ. సారా వ్యతిరేకోద్యమం). దుకాణం మూయించడం ఊరికి సంబంధించిన చర్య, తాగుడు మానడం మనిషికి సంబంధించిన పని. ఒకటి రెండోదానికి బదులు కాదు. నిషేధం ఉన్నా లేకపోయినా వ్యసనానికి లోనైనవారు ఉంటారు. ఆ ఉద్యమం చూపిన మరో సత్యం ఇక్కడ పనికొస్తుంది: తాగుడు బాధను మొదట మోసేదీ, కదిలేదీ ఇంటి ఆడవాళ్లే. అల్-అనాన్ వంటి కుటుంబ సమావేశాలు, దన్షుకాయ్ వంటి దంపతుల నమూనాలు ఇక్కడ సహజంగా ఇమిడే అవకాశం ఉన్నది ఇందుకే. తాగే స్త్రీలకు పరిస్థితి తలకిందులవుతుంది. వారిని తీసుకొచ్చేవారు ఉండరు, తెలిస్తే పరువు పోతుందన్న భయం రెట్టింపు. మహిళా సమావేశాల అవసరం వీరి విషయంలో అన్నిటికన్నా ఎక్కువ.

ప్రాధాన్యం

పరస్పర సహాయ సమావేశం చవకైనది, గడువు లేనిది, వైద్యుడు లేని వేళల్లోనూ అందేది. ఈ మూడు గుణాలూ కలిసి ఉండడమే ప్రజారోగ్యంలో దాని విలువ. దాని బలహీనతా అక్కడే ఉంది. జీతగాళ్లు లేని వ్యవస్థ కాబట్టి బయటివారిని వెతుక్కుంటూ వచ్చే శక్తి దానికి పరిమితం. ఆ దూరాన్ని తగ్గించాల్సిన బాధ్యత చికిత్స వ్యవస్థదే. డిశ్చార్జి చీటీలో ఏ.ఏ. నంబరు రాయడం సులువు. వార్డులోనే వారానికొకసారి గ్రూపు సభ్యులను రప్పించడం, డిశ్చార్జికి ముందే రోగి భాషలో మాట్లాడే ఒక సభ్యుడితో ఫోన్ చేయించడం, మొదటి సమావేశానికి తోడు ఏర్పాటు చేయడం, రెండు వారాల తర్వాత వెళ్లారా అని అడగడం కొంచెం ఎక్కువ పని. పరిశోధనల్లో తేడా చూపినవి ఈ కోవకు చెందిన పనులే. వీటికి కొత్త భవనాలు, మందులు అక్కర్లేదు. ఒక సామాజిక కార్యకర్త సమయం, స్థానిక గ్రూపుతో పరిచయం ఉంటే చాలు. అందువల్ల ఒక ఆస్పత్రి ఈ సమావేశాలను ఎంత బాగా వాడుకుంటోందో కొలవాలంటే, పంచిన చిరునామాలను కాక, మొదటి సమావేశానికి తోడుతో వెళ్లినవారిని, మూడు నెలల తర్వాత కూడా వెళుతున్నవారిని లెక్కించాలి.